దొంగ పడ్డోడి లెక్క వేరే: కష్టమైన రోల్ ఆడుతూ కూడా మూడ్ పాడవకుండా ఉండేదెట్లా?

వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్... ఎక్కడినుంచి చూస్తున్నా సరే, ముందు ఒక చిన్న ప్రశ్న. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడేముందు పంటలు వేసుకునేవాళ్లం కదా? ముగ్గురు ముగ్గురు చేతులు కలిపి, అరచేయి పైకో కిందికో పెడతారు. తేడాగా పెట్టినవాడు పండిపోయి పక్కకి వెళ్లిపోతాడు. అట్లా ఒక్కొక్కరూ పండుతూ పోతే చివరికి ఒక్కడు మిగులుతాడు. వాడే దొంగ. ఆ మిగిలినవాడి మొహం గుర్తు తెచ్చుకోండి. ఆట ఇంకా మొదలే కాలేదు, అయినా వాడు అప్పుడే ఓడిపోయినట్టు నిలబడి ఉంటాడు.

ఈ ఎపిసోడ్ మొత్తం వాడి గురించే. ఎందుకంటే ఫోన్‌లో ఆడే ఆటల్లో కూడా ఒక దొంగ ఉంటాడు. అమాంగ్ అస్‌లో ఇంపోస్టర్ అని స్క్రీన్ మీద పడగానే కొందరు ఎగిరి గంతేస్తారు, కొందరికి అరచేతులు చెమటలు పడతాయి. బీజీఎంఐ స్క్వాడ్‌లో స్మోక్ వేసేవాడు, పడిపోయినోళ్లని లేపేవాడు, బండి నడిపేవాడు ఒకడుంటాడు. మ్యాచ్ అయిపోయాక వాడి కిల్స్ సున్నా. తిట్లు మాత్రం ఫుల్. కష్టమైన రోల్ అని నేను అంటున్నది ఈ రెండు రకాలనే. ఒకదాంట్లో అందరూ ఒకవైపు, మీరొక్కరే ఇంకోవైపు. రెండోదాంట్లో టీమ్‌లోనే ఉంటారు గానీ మీ పని స్కోర్‌బోర్డు మీద కనపడదు.

ఇలాంటివాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "పాజిటివ్‌గా ఉండు బ్రో." నాకు ఆ మాట పెద్దగా నచ్చదు. జ్వరం వచ్చినోడికి "కొంచెం వేడి తగ్గించుకో" అన్నట్టు ఉంటుంది. జ్వరం ఎందుకొచ్చిందో చూడాలి కదా. నేను గమనించింది ఏంటంటే, కష్టమైన రోల్‌లో ఉన్నవాళ్లు చాలాసార్లు తమ ఆటని అవతలివాళ్ల లెక్కతో కొలుచుకుంటారు. ఆ లెక్క వాళ్లకి ఎప్పటికీ సరిపోదు. అక్కడే మూడ్ చెడుతుంది.

దీన్ని బాగా చూపించే ఆట ఒకటుంది, డెడ్ బై డేలైట్. కెనడాలోని మాంట్రియల్ కంపెనీ బిహేవియర్ ఇంటరాక్టివ్ తయారుచేసింది, 2016 జూన్‌లో పీసీకి వచ్చింది. మనలో చాలామంది ఆడటం కంటే స్ట్రీమ్‌లలో చూసి ఉంటారు. ఐడియా సింపుల్. నలుగురు సర్వైవర్లు, ఒక కిల్లర్. మ్యాప్‌లో 7 జనరేటర్లు ఉంటాయి, నలుగురూ కలిసి అందులో 5 రిపేర్ చేస్తే గేట్లకి కరెంటు వస్తుంది, తలుపు తీసుకుని పారిపోవచ్చు. కిల్లర్ వాళ్లని పట్టుకుని కొక్కేలకి తగిలించాలి. అంటే అచ్చంగా దాగుడుమూతలే, కొంచెం నెత్తురెక్కువ.

ఇప్పుడు కిల్లర్ కుర్చీలో కూర్చోండి. చాలామంది కిల్లర్లు సెకనుకి 4.6 మీటర్లు పరిగెడతారు, సర్వైవర్ 4 మీటర్లు. అంటే సెకనుకి మీరు తగ్గించుకునే దూరం 0.6 మీటర్లు. అవతలివాడు 12 మీటర్ల దూరంలో ఉంటే తిన్నగా పరిగెత్తినా అందుకోడానికి 20 సెకన్లు. కానీ ఎవరూ తిన్నగా పరిగెత్తరు. గోడలు, కిటికీలు, అడ్డంగా పడేసే చెక్కలు ఉంటాయి, చుట్టూ తిప్పుతారు. ఇంకోపక్క ఒక మనిషి ఒంటరిగా ఒక జనరేటర్ రిపేర్ చేయడానికి 90 సెకన్లు చాలు. మీరు ఒకడి వెనకాల 90 సెకన్లు పడ్డారనుకోండి, మిగతా ముగ్గురూ తలా ఒక జనరేటర్ దగ్గర కూర్చుంటే ఆ టైమ్‌కి మూడు అయిపోతాయి. కావలసినవి ఐదే. అంటే ఒక్కడిని పట్టుకోకముందే ఆట సగం దాటిపోయింది.

చెమటలు పట్టడం సహజమే కదా? ఇంకోటి కూడా ఉంది. సర్వైవర్ తప్పు చేస్తే ముగ్గురు కాపాడతారు. కిల్లర్ తప్పు చేస్తే కాపాడేవాడు లేడు, నెట్టేయడానికి ఇంకొకడు కూడా లేడు. స్క్వాడ్‌లో ఓడితే "వాడు కవర్ ఇవ్వలేదు" అని గొణుక్కోవచ్చు. ఇక్కడ ఆ సుఖం కూడా ఉండదు. ఓటమి మొత్తం ఒక్కడి నెత్తిమీదే పడుతుంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన పాయింట్‌కి వస్తా. కొత్తగా కిల్లర్ ఆడేవాళ్లందరూ మనసులో పెట్టుకునే టార్గెట్ ఏంటి? నలుగురినీ పట్టాలి. ముగ్గురు దొరికి ఒకడు గేటు దాటిపోతే, దాటుతూ ఇటు తిరిగి ఒక డాన్స్ చేస్తే, అయిపోయింది, ఆ రాత్రంతా ఆ ఒక్కడే గుర్తుంటాడు. కానీ ఆట చేసిన కంపెనీ పెట్టుకున్న టార్గెట్ అది కాదు. కిల్ రేట్ సుమారు 60 శాతం దగ్గర ఉండేట్టు చూస్తామని వాళ్లే చెప్పారు. నలుగురిలో 60 శాతం అంటే సగటున 2.4 మంది. అంటే సగటున ఒకరిద్దరు తప్పించుకోవడం ఆట డిజైన్‌లోనే ఉంది. ఇద్దరు దొరికి ఇద్దరు పారిపోయిన మ్యాచ్ సగటుకి కాస్తే తక్కువ, ముగ్గురు దొరికితే బాగానే ఆడినట్టు. మీరేమో 4కి 4 రాలేదని ఫోన్ మంచం మీద విసిరేస్తున్నారు.

మన దాగుడుమూతలు ఇంకా దయగలది, ఆలోచించండి. కళ్లు మూసే తల్లి ఒకరుంటారు, దాక్కున్నవాళ్లు వచ్చి తల్లిని ముట్టుకుంటే సేఫ్. దొంగ అందరినీ పట్టుకోవాలా? అక్కర్లేదు. తల్లిని ముట్టుకోకముందు ఒక్కడిని ముట్టుకుంటే చాలు, వాడు దొంగ అయిపోతాడు, మీరు బయటపడతారు. పదిమందిలో తొమ్మిదిమంది తప్పించుకున్నా సరే. కొన్ని వీధుల్లో అందరినీ పట్టే రూల్ కూడా ఉంటుంది, ఒప్పుకుంటా, ఆ వీధుల్లోనే ఎక్కువమంది ఏడ్చుకుంటూ ఇంటికి పోయేవాళ్లు. ఆ ఒక్కడిని పడితే చాలన్న రూల్ ఎవరు పెట్టారో గానీ ఒంటరిగా ఆడేవాడి కష్టం తెలిసినవాళ్లే పెట్టుంటారు.

సరే, ఇప్పుడు కొంచెం లెక్కలు. భయపడకండి, ఇంటర్ లెక్కలు కూడా అవసరం లేదు.

ఆన్‌లైన్ ర్యాంక్ ఆటల్లో మ్యాచ్‌మేకింగ్ అని ఉంటుంది. దాని మూలం చెస్‌లో ఉంది. అర్పాడ్ ఎలో అని హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫిజిక్స్ ప్రొఫెసర్ ఒక రేటింగ్ పద్ధతి తయారుచేశాడు, అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే 1970లో దాన్ని తీసుకుంది. మన వరంగల్ అబ్బాయి అర్జున్ ఇరిగైసి 2024 డిసెంబర్ లిస్టులో 2800 దాటాడు అంటే ఆ నంబర్ ఈ ఎలో రేటింగే. ఇద్దరి రేటింగ్ సమానమైతే ఆశించే స్కోర్ సగం సగం. 400 పాయింట్ల తేడా ఉంటే పెద్దవాడి వైపు పదికి ఒకటి. ఆన్‌లైన్ ఆటలు ఒక్కోటి ఒక్కోలా మార్చుకున్నాయి గానీ ఉద్దేశం ఒకటే: మీకు సమానమైనవాళ్లని ఎదురుగా పెట్టాలి. మీరు నాలుగు గెలిస్తే ఇంకొంచెం గట్టివాళ్లని తెస్తుంది. ఓడితే కొంచెం తగ్గిస్తుంది. కాబట్టి ఆ సిస్టమ్ సరిగ్గా పనిచేస్తే మీరు దాదాపు సగం మ్యాచ్‌లు ఓడుతూనే ఉంటారు. ఎంత బాగా నేర్చుకున్నా సరే. నేర్చుకున్నకొద్దీ ఎదుటివాడు మారతాడు, సగం మాత్రం సగంలాగే ఉంటుంది.

ఇంకోటి. గెలుపు ఓటమి సగం సగం అనుకుని పది మ్యాచ్‌లు ఆడితే, అందులో ఎక్కడో ఒకచోట వరసగా మూడు ఓడే అవకాశం ఎంత? మొత్తం 1024 రకాలుగా ఆ పది మ్యాచ్‌లు నడవొచ్చు. అందులో 520 రకాల్లో కనీసం ఒకసారి వరసగా మూడు ఓటములు ఉంటాయి. స్క్రీన్ మీద వేశాను, పాజ్ చేసి చూసుకోండి. అంటే సగానికి కాస్త పైనే. "ఈరోజు నా టైమ్ బాలేదు, గేమ్ కావాలనే నన్ను ఓడిస్తోంది" అంటాం కదా, అది టైమ్ కాదు, బొమ్మా బొరుసూ వేసినా అట్లాగే వస్తుంది. బీజీఎంఐ స్క్వాడ్ అయితే ఇంకా ఘోరం. వందమంది, 25 స్క్వాడ్‌లు. అందరూ సమానమైతే చికెన్ డిన్నర్ 25లో ఒకటి. 24 సార్లు రాకపోవడమే మామూలు. చిన్న ర్యాంకుల్లో బాట్‌లు ఉంటాయి కాబట్టి మొదట్లో ఎక్కువ గెలుస్తాం, అది అలవాటు చేసి తర్వాత మనల్ని నిజం ఆటలోకి తోస్తుంది. ఆ అలవాటే దెబ్బ.

చెస్ గురించి ఎత్తాను కాబట్టి ఒక మాట. చెస్‌లో కూడా కష్టమైన రోల్ ఉంది, నల్ల పావులు. తెల్లవాళ్లు ముందు కదుపుతారు కాబట్టి మొత్తం మీద వాళ్లకి 54, 55 శాతం పాయింట్లు వస్తాయి. అందుకే గట్టి ఆటగాడి మీద నల్ల పావులతో డ్రా చేస్తే ఎవరూ ఏడవరు, మంచి ఫలితం అనుకుని టీ తాగుతారు. రోల్ మారితే లెక్క మారుతుందని వాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ చివరి గేమ్, 14వది. చెన్నైలో పుట్టి పెరిగిన మన తెలుగు కుటుంబం అబ్బాయి గుకేశ్‌వి నల్ల పావులు. అప్పటికి స్కోర్ సమానం. డ్రా అయ్యేట్టే కనిపిస్తున్న ఆటలో ఒక బంటు ఎక్కువ పెట్టుకుని, తొందరపడకుండా కదుపుతూ కూర్చున్నాడు. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ తప్పు చేశాడు, గుకేశ్ ఛాంపియన్ అయ్యాడు. నల్ల పావులు వచ్చాయని ముందే మొహం మాడ్చుకుని ఉంటే 55వ ఎత్తు దాకా ఆ ఓపిక ఉండేదా?

ఇక మనకి బాగా తెలిసిన ఆట, కబడ్డీ. మా వైపు పెద్దవాళ్లు చెడుగుడు అంటారు. ఇది చూశాక నాకు "ఒక్కడు వర్సెస్ అందరూ" అనే రోల్ మొత్తం వేరేగా అర్థమైంది. రెయిడర్ ఒక్కడు, అవతల ఏడుగురు. టైమ్ 30 సెకన్లు. ఊపిరి బిగబట్టి కూత పెట్టాలి. ఇంత కష్టమైన పనికి రూల్స్ ఏం చెప్తున్నాయి? పాయింట్ లేకుండా వట్టిగా తిరిగొస్తే తప్పు లేదు. దాన్ని ఎంప్టీ రెయిడ్ అంటారు. ప్రో కబడ్డీలో అట్లా వరసగా రెండుసార్లు రావచ్చు, మూడోది మాత్రం డూ ఆర్ డై, పాయింట్ తేవాలి లేదా అవుట్. లీడ్‌లో ఉన్న టీమ్ చివర్లో కావాలనే వట్టి రెయిడ్‌లు వేస్తుంది, 30 సెకన్లు తినేయడానికి. చూసేవాళ్లకి ఏమీ జరగనట్టు ఉంటుంది. కోచ్‌కి మాత్రం పని అయిపోయింది.

రివర్స్‌లో చూడండి. డిఫెన్స్‌లో ముగ్గురో, ఇద్దరో, ఒక్కడో మిగిలినప్పుడు వాళ్ల పనే కష్టం. అప్పుడు రెయిడర్‌ని పట్టేస్తే ఒకటి కాదు, రెండు పాయింట్లు. సూపర్ టాకిల్. కష్టమైన వైపు ఉన్నవాడికి రూల్ పుస్తకమే ఎక్కువ కూలి ఇస్తోంది. ఫోన్ ఆటలు చాలావాటిలో ఈ కూలి ఉండదు. అందుకే మనమే రాసుకోవాలి, అది తర్వాత చెప్తా.

తెలుగు టైటన్స్ ఫ్యాన్స్ ఎవరైనా ఉంటే ఒక్క నిమిషం గుండె గట్టి చేసుకోండి. 8వ సీజన్‌లో 22 మ్యాచ్‌లకి గెలిచింది ఒకటి. 9వ సీజన్‌లో రెండు. 10వ సీజన్‌కి 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. ప్రో కబడ్డీలో అప్పటిదాకా ఎవరికీ అంత ధర పలకలేదు. ఆయనే కెప్టెన్. ఏమైంది? మళ్లీ 22లో రెండే గెలుపులు, టేబుల్‌లో చివరి స్థానం. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లు, 5 విజయాలు. కానీ అదే 10వ సీజన్‌లో పవన్ రెయిడ్ పాయింట్లు 200 దాటాయి. ఓడిపోతున్న టీమ్‌లో, ఎదుటి ఏడుగురూ మొదటి నిమిషం నుంచి తననే టార్గెట్ చేస్తున్నప్పుడు, వెళ్లి ఒక్కో పాయింటూ తెచ్చాడు. గెలుపోటముల లెక్కలో చూస్తే ఆ సీజన్ మొత్తం వేస్ట్. రెయిడర్ లెక్కలో చూస్తే ఆ సీజన్ టాప్ రెయిడర్ల పక్కన పెట్టే నంబర్. రెండు నంబర్లూ నిజమే. తర్వాతి సీజన్‌లో టైటన్స్ 22లో 12 గెలిచారు, ప్లేఆఫ్స్ కొద్దిలో మిస్ అయ్యారు.

ఇప్పుడు తాండూరు వద్దాం. నలుగురు దోస్తుల స్క్వాడ్ ఒకటి అనుకుందాం, నిజం మనుషులు కారు గానీ మీకు తెలిసినట్టే ఉంటారు. ఒకడు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పని, ఇంకోడు మొబైల్ షాప్, ఒకడు డిగ్రీ. నాలుగోవాడు ఇంటర్ ఫస్టియర్, అందరికన్నా చిన్నోడు. రాత్రి పది దాటాక ఆన్‌లైన్ వస్తారు. మైక్‌లో తెలుగు, ఉర్దూ, మధ్యమధ్యలో కన్నడ, మన తాండూరు కదా మరి. ముగ్గురు ఫైట్‌కి పోతారు. సపోర్ట్ ఎవరు? చిన్నోడు. ఎందుకు? ఎవరూ మీటింగ్ పెట్టి డిసైడ్ చేయలేదు. వాడి ఫోన్ వాళ్ల అన్న వాడి వదిలేసింది, సెకనుకి 30 ఫ్రేములే వస్తాయి. 30 ఫ్రేములంటే ఒక్కో బొమ్మ మారడానికి 33 మిల్లీసెకన్లు. ఎదురుగా 90 ఫ్రేముల ఫోన్ ఉన్నవాడికి 11. తుపాకీ ఫైట్‌లో ఆ తేడా నిజంగా తెలుస్తుంది. అందుకని "నువ్వు వెనకుండు రా, స్మోక్‌లు పట్టుకో" అంటారు.

అంటే మన స్క్వాడ్‌లలో కష్టమైన రోల్ చాలాసార్లు టాలెంట్ చూసి ఇచ్చేది కాదు. చిన్నోడికి, పాత ఫోన్ ఉన్నోడికి, కాదనలేనోడికి వస్తుంది. దీన్ని ముందు ఒప్పుకోవాలి. ఎందుకంటే వాడు మూడ్ పాడు చేసుకున్నప్పుడు "వీడికి ఆటిట్యూడ్ ఎక్కువైంది" అని అనేస్తాం.

మ్యాచ్ నడిచింది అనుకోండి. వాడు ముగ్గురినీ తలా ఒకసారి లేపాడు, జోన్ దగ్గరవుతుంటే బండి తెచ్చాడు, స్మోక్‌లో దాచి టాప్ త్రీ దాకా తెచ్చాడు. ఆఖర్లో వాడొక్కడు మిగిలాడు, ఎదురుగా ముగ్గురు. పోయాడు. మైక్‌లో ఏం వినిపిస్తుంది? "ఒక్కడిని కూడా కొట్టలేదు, ఏం జేసినవ్ రా నువ్వు?" రిజల్ట్ స్క్రీన్‌లో పెద్ద అక్షరాలతో కనపడేవి కిల్స్, డామేజ్. ఆ ముగ్గురు లేచి మళ్లీ కొట్టిన కిల్స్ వెనకాల వాడి చేయి ఉందని ఎక్కడా రాసుండదు.

కానీ పెద్ద టోర్నమెంట్లలో పాయింట్లు ఎట్లా ఇస్తారో చూడండి. మన దేశంలో బీజీఎంఐ అఫీషియల్ టోర్నీల్లో మొదటి స్థానానికి 10, రెండుకి 6, మూడుకి 5, కిల్‌కి 1. టాప్ త్రీలో నిలబెట్టాడంటే ఐదు కిల్స్‌తో సమానం. అది సపోర్ట్ చేసినవాడి అకౌంట్‌లో కూడా పడాల్సిందే కదా? ప్రొఫెషనల్ టీమ్‌లకి ఇది తెలుసు, అందుకే సపోర్టర్‌ని, కాల్స్ ఇచ్చే ఐజీఎల్‌ని జీతమిచ్చి పెట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కూడా ఇదే కథ. రాత్రి రెండింటికి సర్వర్ పడకుండా చూసినవాడి పేరు డెమోలో రాదు. ఏమీ జరగకపోవడమే వాడి పని.

ఇక్కడ ఆట గెలవడం ఓడటం కన్నా పెద్ద విషయం ఉంది. ఎవరో తెలియని నలుగురితో ఆడితే తిట్లు పడ్డా బ్లాక్ కొట్టి వెళ్లిపోవచ్చు. ఊళ్లో దోస్తులైతే రేపు పొద్దున అదే బస్టాండ్, అదే టీ కొట్టు. రాత్రి మైక్‌లో అన్న మాట పొద్దున కూడా అక్కడే ఉంటుంది. చిన్నోడు నాలుగు రోజులు చూసి "నెట్ బాలేదన్నా" అంటాడు. తర్వాత రాడు. స్క్వాడ్ అనుకున్నది ముగ్గురవుతుంది, ఆట మానేశాడనుకుంటారు గానీ వాడు మానేసింది వీళ్లని.

కాబట్టి చేయాల్సింది ఏంటి? ముందు ఆ రోల్‌లో ఉన్నవాడి వైపు నుంచి. మ్యాచ్ మొదలయ్యేముందే మీ లెక్క మీరు పెట్టుకోండి, మ్యాచ్ అయ్యాక కాదు. అయ్యాక పెట్టుకుంటే అది సాకు అవుతుంది. సపోర్ట్ ఆడేవాడైతే: ఎంతమందిని లేపాను, ఎన్ని స్మోక్‌లు టైమ్‌కి పడ్డాయి, ఎనిమీ ఎక్కడున్నాడో ఎన్నిసార్లు ముందు నేనే చెప్పాను. మూడు అంకెలు, ఫోన్ నోట్స్‌లో. ఒంటరి రోల్ అయితే: ఒకడి వెనకాల ఎంతసేపు పడ్డాను, వదిలేయాల్సినప్పుడు వదిలేశానా. డెడ్ బై డేలైట్‌లో మంచి కిల్లర్‌కీ మామూలు కిల్లర్‌కీ తేడా ఈ వదిలేయడంలోనే ఉంటుందని నా అభిప్రాయం. వాడు గోడ చుట్టూ తిప్పుతున్నాడు, మీకు కోపం వస్తోంది, పట్టి తీరాలనిపిస్తుంది. అవతల జనరేటర్లు తిరుగుతున్నాయి. ఆ కోపానికి ఖరీదు సెకన్లలో కట్టాలి. ఖాళీ రెయిడ్‌లాగా తిరిగొచ్చేయడం నేర్చుకుంటే ఆటా బాగుపడుతుంది, బీపీ కూడా తగ్గుతుంది.

ఒక వారం రాసుకోండి. గెలుపు ఓటమి ఊగుతూనే ఉంటాయి, పైన లెక్క చూశాం కదా. ఈ అంకెలు మాత్రం మెల్లగా పెరుగుతాయి. పెరగకపోతే అదీ తెలుస్తుంది, అప్పుడు ఏం నేర్చుకోవాలో తెలుస్తుంది. నాకు తెలిసి మూడ్‌ని నిలబెట్టేది ఇదే, "ఐ కెన్ డూ ఇట్" వాల్‌పేపర్లు కాదు.

మైక్ విషయం. ఒంటరి రోల్‌లో ఉన్నవాడికి మాటలు నాలుగు నోళ్ల నుంచి వస్తాయి, తిరిగి చెప్పే నోరు ఒక్కటే. ఆ పోటీలో గెలవలేరు, దిగకండి. తెలియనివాళ్లు తిడితే మ్యూట్ చేయండి, మర్యాద కోసం వింటూ కూర్చోనక్కర్లేదు. తెలిసినవాళ్లయితే మ్యూట్ చేస్తే గొడవ ముదురుతుంది. మ్యాచ్ మధ్యలో కాకుండా, పొద్దున మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఒక్క మాట: "అన్నా, వారంలో రెండు రోజులు నేను ఫ్రంట్ ఆడతా, మీరు వెనకుండి చూడండి." అంతే చెప్పండి.

ఇది మిగతా ముగ్గురికి కూడా చెప్తున్నా. రోల్ తిప్పండి. దాగుడుమూతల్లో దొంగ ఎప్పటికీ ఒక్కడే అయితే ఆ ఆట రెండో రోజు ఉండదు, వాడు రాడు కాబట్టి. ఫోన్ ఆటల్లో ఎవరూ తిప్పరు, ఎందుకంటే ర్యాంక్ పోతుందని భయం. ర్యాంక్‌తో సంబంధం లేనిచోట తిప్పండి. పాలిషింగ్ యూనిట్ అన్న ఒక రాత్రి స్మోక్‌లు పట్టుకుని వెనకాల పరిగెత్తితే, ఆ సున్నా కిల్స్ వెనకాల ఎంత పని ఉందో ఆయనకే అర్థమవుతుంది. ఇంకోటి, ఎవరైనా లేపితే మైక్‌లో "థాంక్స్ రా" అనండి. డేటా ఏం ఖర్చు కాదు.

ఆపడం ఎప్పుడు? వరసగా రెండు ఓడి, రెండోదాంట్లో కోపంతో నిర్ణయాలు తీసుకున్నారని మీకే తెలిస్తే, ఫోన్ పక్కన పెట్టి నీళ్లు తాగి రండి. "ఒక్కటి గెలిచి పడుకుంటా" అనే మాట చాలా డేంజర్, అది రాత్రి రెండు దాకా తీసుకెళ్తుంది. 18 ఏళ్లలోపు వాళ్లకి బీజీఎంఐ రోజుకి 3 గంటలకి మించి ఆడనివ్వదు. అన్న ఐడీతో ఆడేవాళ్ల గురించి నేను మాట్లాడను, వాళ్ల ఇంట్లో మాట్లాడతారు. మూడ్ బాలేనప్పుడు యూసీ కొనకండి. కొత్త డ్రెస్ వేసుకున్నా సపోర్ట్ చేసేవాడు సపోర్టే చేయాలి.

చివరగా నెట్ గురించి, ఎందుకంటే వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే రైల్లో ర్యాంక్ మ్యాచ్ పెట్టే ధైర్యవంతులు మనలో చాలామందే ఉన్నారు. దాదాపు 40 కిలోమీటర్ల దారిలో ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మారుతూనే ఉంటుంది, మారిన ప్రతిసారీ పింగ్ ఎగరొచ్చు. ఫ్రంట్ ఆడేవాడికి పింగ్ ఎగిరితే వాడొక్కడు పడతాడు, మిగతావాళ్లు లేపుతారు. లేపేవాడి పింగ్ ఎగిరితే పడ్డవాళ్లు కూడా పోతారు, ఆ తిట్లు ఎవరికో మీకు తెలుసు. రైల్లో ఉంటే ట్రైనింగ్ గ్రౌండ్‌లో స్మోక్ విసరడం ప్రాక్టీస్ చేసుకోండి, లేదంటే అనంతగిరి గుట్టలు చూడండి, వానాకాలంలో అయితే అదే బెటర్. పింగ్ అసలు ఎట్లా పనిచేస్తుంది, గేమ్ సర్వర్ ఎంత దూరంలో ఉంటే మనకి ఎంత లేట్ అవుతుంది అనేది వచ్చే ఎపిసోడ్‌లో బోర్డు మీద గీసి చూపిస్తా. ఉంటాను మరి.